మార్టిన్స్‌విల్ మలుపు – మూడు వారాల నోట్స్

మే 18

తిరుపతిలో మధ్యాహ్నం బయట కాలు పెట్టలేని ఎండ. అన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లో నాస్కార్ హీట్ 5 అనే కార్ల పందెం గేమ్ వేసుకున్నాను. 2020లో వచ్చింది. 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. గ్రాఫిక్స్ మీడియంలో పెడితే ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. ఇన్నాళ్లూ ఫోన్‌లో ఆడిన రేసింగ్ గేములు తప్ప నాకు వేరే అనుభవం లేదు.

స్టాక్ కార్ రేసింగ్ గురించి మన వైపు తెలిసినవాళ్లు తక్కువ. ఈ పందేలు నడిపే సంస్థ నాస్కార్ అమెరికాలో 1948లో పుట్టింది. ఆ మరుసటి ఏడు షోరూంలో అమ్మే కార్లతోనే పందేలు పెట్టారు. ‘స్టాక్’ అంటే అదే, మార్పులు చేయని మామూలు కారు. ఇప్పటివి మాత్రం పూర్తిగా పందెం కోసం కట్టిన బండ్లు.

మొదట డేటోనా ట్రాక్ ఎంచుకున్నాను. చుట్టూ రెండున్నర మైళ్లు, మలుపుల్లో లోపలి వైపుకి 31 డిగ్రీల వాలు. ఆ వాలు బండిని పట్టుకుంటుంది కాబట్టి యాక్సిలరేటర్ వదలాల్సిన పనే రాలేదు. ముందు కారు వెనక దగ్గరగా ఉంటే గాలి ఒత్తిడి తగ్గి మన స్పీడు పెరుగుతుంది, దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. గంటసేపు హాయిగా ఆడాను.

మే 19

ఈరోజు మార్టిన్స్‌విల్ ట్రాక్, పికప్ ట్రక్కుల సిరీస్. నిన్నటి ధైర్యం పది నిమిషాల్లో పోయింది. 1947 నాటి ఈ ట్రాక్ 0.526 మైళ్లే, అంటే సుమారు 850 మీటర్లు. పేపర్ క్లిప్ ఆకారం. రెండు పొడవాటి దారులు, రెండు కొసల్లో గిర్రున తిరిగే మలుపులు. వాలు 12 డిగ్రీలే కాబట్టి స్పీడు తగ్గించకపోతే నేరుగా గోడకే. కీబోర్డులో బ్రేకు అంటే పూర్తిగా తొక్కడమే, సగం తొక్కడం ఉండదు. బెస్ట్ ల్యాప్, అంటే ఒక చుట్టు, 23.8 సెకన్లు. ఇక్కడ గెలిచినవాళ్లకు నిలువెత్తు గడియారం బహుమతిగా ఇస్తారట. అది చదివాక ఈ ట్రాక్ వదలబుద్ధి కాలేదు.

మే 21

బస్టాండు దగ్గర షాపులో 900 రూపాయలకు వైరున్న కంట్రోలర్ కొన్నాను. మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: కీబోర్డుతో కుస్తీ పట్టకండి. కంట్రోలర్‌లో వేలితో నొక్కే ట్రిగ్గర్ ఉంటుంది, దాన్ని ఎంత నొక్కితే బ్రేకు అంతే పడుతుంది. స్టీరింగ్ సెన్సిటివిటీ తగ్గించాను, డ్యామేజీ ఆపేశాను. ప్రత్యర్థులు లేకుండా టెస్ట్ సెషన్‌లో ఒంటరిగా తిరిగాను. బెస్ట్ 22.9.

మే 24

నాయన ఇరవై ఏళ్లుగా తిరుమలకు టాక్సీ తోలుతున్నాడు. రాత్రి అన్నం తిని నా వెనకే నిలబడి కాసేపు చూశాడు.

“మలుపులోకి పోయినంక బ్రేకు తొక్కితే బండి నీ మాట వినదు రా. ముందే తగ్గించుకోవాల. ముందర దారి కనపడినంక ఆక్సిలేటరు మెల్లగా ఇయ్యాల.”

1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో రోజూ దిగే మనిషి. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నిబంధనను ఎన్నడూ దాటలేదు. పందేలతో ఆయనకు సంబంధం లేదు, కానీ ఆ మాటలో ఉన్నదంతా ఇక్కడ పనికొచ్చింది.

నేను చేస్తున్న తప్పేమిటంటే, చివరి దాకా ఫుల్ స్పీడులో వెళ్లి, స్టీరింగ్ తిప్పుతూ బ్రేకు నొక్కేవాణ్ణి. టైరుకు ఉన్న పట్టు ఇంతే. అదంతా బ్రేకుకే ఖర్చయితే తిరగడానికి ఏమీ మిగలదు, బండి నేరుగా పోతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రాల మీద పడి వెనక తేలికవుతుంది. ఆ సమయంలో గట్టిగా తిప్పితే తోక బయటికి వస్తుంది. ఇప్పుడు నాలుగైదు బండ్ల పొడవు ముందే ట్రిగ్గర్ ముప్పావు వంతు నొక్కుతున్నాను. తిప్పడం మొదలుపెట్టేటప్పటికి కొంచెం కొంచెంగా వదులుతున్నాను. లోపలి అంచు పట్టుకుని, స్టీరింగ్ నిటారు అవుతుండగా యాక్సిలరేటర్ పెంచుతున్నాను. మలుపులో నెమ్మదైనట్టే అనిపిస్తుంది, కానీ బయటికొచ్చాక దారి పొడవునా ఆ స్పీడు మిగులుతుంది. 21.6!

జూన్ 1

40 ల్యాపుల రేసు, పన్నెండో స్థానం. పదిహేను ల్యాపులయ్యాక బండి తిరగనని మొండికేసింది. దీన్ని టైట్ అంటారు. తోక జారితే లూజ్. ఎప్పుడూ ఎడమకే తిరుగుతాం కాబట్టి బరువంతా కుడి టైర్ల మీద పడి అవే ముందు అరుగుతాయి. గేమ్‌లో బండి సెటప్‌లో ఉండే టైట్-లూజ్ స్లైడర్‌ను రెండు గీతలు లూజ్ వైపు జరిపితే చాలావరకు సర్దుకుంది. కరెంటు పోతే మాత్రం ఆడకండి. బ్యాటరీ మీద ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) సగానికి పడిపోయి, బ్రేకు వేళ తప్పుతుంది.

జూన్ 3

2022 అక్టోబరు 30న ఇదే ట్రాక్ మీద నిజమైన రేసులో రాస్ చాస్టెయిన్ అనే నాస్కార్ డ్రైవరు చివరి ల్యాపులో కారును గోడకు ఆనించి, బ్రేకు అన్నదే లేకుండా మలుపు తిరిగి అయిదు కార్లను దాటాడు. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో చేసిన పనే అది అని తర్వాత చెప్పాడు. మరుసటి ఏడు నుంచి అలా చేస్తే శిక్ష అని నాస్కార్ ప్రకటించింది. ఆ వీడియో పదిసార్లు చూశాను, ఒళ్లు జలదరించింది. కానీ నాకు గోడ వద్దు, మలుపే రావాలి.

జూన్ 8

బెస్ట్ 21.1. నాయన డ్యూటీ దిగి వచ్చి, “ఒకసారి ఇటియ్” అని కంట్రోలర్ తీసుకున్నాడు. మొదటి అయిదు ల్యాపులు బటన్లు అలవాటు కావడానికే సరిపోయాయి. ఆ తర్వాత పది ల్యాపులు ఒక్కసారి కూడా గోడ తగలకుండా తిప్పాడు. అన్నీ 23 సెకన్లకు పైనే. కానీ వాటిలో వేగమైన ల్యాపుకూ నిదానమైన ల్యాపుకూ తేడా 0.4 సెకన్లు.

నా పది ల్యాపులూ తీసి చూసుకున్నాను. తేడా 1.7. రేపటి నుంచి నోట్‌బుక్‌లో బెస్ట్ ల్యాపు పక్కన ఈ అంకె కూడా రాస్తాను.