బిన్ నుంచి బ్లెండర్‌కు: పొడి బయటపడకుండా దించిన అనుభవం

హైదరాబాద్ శివార్లలోని ఒక మాత్రల తయారీ కర్మాగారంలో నేను ప్రొడక్షన్ విభాగంలో పనిచేస్తున్నప్పుడు, అంతవరకు మేము చేసిన మందులన్నింటికంటే చాలా తీవ్రమైన ఒక మందు మా బ్లాకుకు వచ్చింది. ఒక్కో మాత్రలో అది ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఎనిమిది గంటల షిఫ్టులో మనిషి పీల్చే గాలిలో అది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని మాకిచ్చిన భద్రతా పత్రంలో ఉంది. గదిలో పొడి ఎగరడం కంటికి కనిపించిందంటే ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయినట్లే లెక్క.

అప్పటిదాకా మా పద్ధతి ఈ రంగంలో ఉన్నవారికి కొత్తది కాదు. తూకం వేసిన మందును రెండు పాలిథీన్ సంచుల్లో పెట్టి కేబుల్ టై బిగించేవాళ్లం. పొడులను కలిపే యంత్రమైన బ్లెండర్ దగ్గర ప్లాట్‌ఫారం ఎక్కిన ఆపరేటర్ టై కత్తిరించి, సంచి మూతిని బ్లెండర్ నోటిలోకి వంచి, అడుగు పట్టుకొని దులిపేవాడు. పక్కనే డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ గొట్టం ఉండేది, మాస్కు ఉండేది, గది పీడనం కారిడార్ కంటే తక్కువగా ఉండేలా గాలిని లాగే ఏర్పాటూ ఉండేది. అయితే ఈ చివరి ఏర్పాటు పొడిని పక్క గదికి పోనీయకుండా కాపాడుతుందే తప్ప, సంచి దులిపే మనిషి ముక్కును కాపాడదు. మామూలు మందులకు సరిపోయిన ఈ పద్ధతి కొత్త మందుకు పనికిరాదని నిర్ణయించడానికి పెద్ద చర్చ అవసరం కాలేదు.

దేనికి మారాలన్న దానిపై మాత్రం చాలా చర్చ జరిగింది. బ్లెండర్‌నే ఐసొలేటర్‌లో, అంటే చేతి తొడుగుల ద్వారా మాత్రమే పనిచేయగల మూసిన పెట్టెలో, బిగించాలని ఒకరు, ఒకసారి వాడి పారేసే లైనర్ సంచులు చాలునని ఒకరు వాదించారు. చివరికి మందును ఐసొలేటర్‌లోనే తూచి చిన్న స్టీలు బిన్‌లోకి నింపాలని, ఆ బిన్‌ను స్ప్లిట్ బట్టర్‌ఫ్లై వాల్వ్ ద్వారా బ్లెండర్‌కు కలపాలని తేల్చాం. ఈ వాల్వ్‌లో మూత రెండు సగాలుగా ఉంటుంది. ప్యాసివ్ సగం బిన్ అడుగున, యాక్టివ్ సగం బ్లెండర్ నోటి మీద ఉంటాయి. డాకింగ్ చేసినప్పుడు, అంటే బిన్‌ను బ్లెండర్ మీదకు దించి కలిపినప్పుడు, రెండు మూతల బయటి ముఖాలు, అరచేతులు జోడించినట్లు, ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. గది గాలి తగిలిన ముఖాలు రెండూ ఆ అతుకు లోపలే మూసుకుపోతాయి కాబట్టి, జంట మూత ఒకే పలకగా తిరిగి తెరుచుకున్నప్పుడు వాటికి పొడి అంటదు. పని అయ్యాక తిరిగి మూసి విడదీస్తే, బయటపడే ముఖాలు శుభ్రంగా ఉండాలి. కాగితం మీద ఇంత సులువు.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను. అసలు అవస్థ ఎత్తుతో వచ్చింది. హాయిస్టు, బిన్, వాల్వ్, బ్లెండర్ ఒకదాని మీద ఒకటి పేర్చితే సీలింగ్ అడ్డొచ్చి, మరింత పొట్టి బిన్ చేయించవలసి వచ్చింది. పొట్టి బిన్ అంటే దాని అడుగునుండే కోను వాలు తగ్గుతుంది, వాలు తగ్గితే జిగురు స్వభావం గల సన్నని పొడి వాల్వ్ పైన వంతెన కట్టి నిలిచిపోతుంది. అలా నిలిచిన ప్రతిసారీ ఆపరేటర్లు రబ్బరు సుత్తి అందుకునేవారు. డాకింగ్‌లో ఉన్న బిన్‌ను కొడితే రెండు సగాల పొందిక కదిలి పొడి సీలు మీదకు చేరుతుంది. అందుకని సుత్తిని గదిలోంచే తీసేయించి, కోనుకు గాలితో నడిచే చిన్న వైబ్రేటర్ బిగించి, విడతలు విడతలుగా నడిపించాం.

ఎర్తింగ్ విషయం బ్రోచర్లలో పెద్దగా కనబడదు కానీ, నా దృష్టిలో వాల్వ్ ఎంపిక కంటే ముందే మాట్లాడవలసినది అదే. పొడి లోహం మీదుగా జారుతూ స్థిర విద్యుత్తును పోగుచేస్తుంది. మధ్యలో ఉన్న రబ్బరు గ్యాస్కెట్లు బిన్‌ను బ్లెండర్ నుంచి విద్యుత్‌పరంగా వేరు చేస్తాయి. కొన్ని సేంద్రియ పొడులు గాలిలో మేఘంలా లేచినప్పుడు వాటిని మండించడానికి కొన్ని మిల్లీజౌళ్ల నిప్పురవ్వ చాలు. బిన్‌కు, బ్లెండర్‌కు, వాల్వ్‌లోని రెండు సగాలకు విడివిడిగా ఎర్త్ కలిపి, నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉందని కొలిచి చూపితే తప్ప డాకింగ్ మొదలుపెట్టరాదని ఎస్‌ఓపీలో (పని చేయవలసిన తీరును నిర్దేశించే పత్రంలో) రాయించాను.

ఇక పరీక్ష. అసలు మందుతో లీకేజీని పరీక్షించడం అవివేకం కనుక, ఈ రంగంలో దానికి బదులు హాని లేని పొడిని వాడతారు. అంతర్జాతీయ ఔషధ ఇంజినీరింగ్ సంఘం ఐఎస్‌పీఈ 2012లో రెండో కూర్పుగా తెచ్చిన మార్గదర్శిక ఇలాంటి పరీక్షకు దారి చూపుతుంది. మేము సన్నగా మర పట్టిన లాక్టోజ్ తీసుకున్నాం. అది చవక, బాగా ఎగురుతుంది, నానోగ్రాముల్లో ఉన్నా ల్యాబు పట్టుకోగలదు. చిక్కేమిటంటే, మా బ్లాకులో చేసే మాత్రల్లో సగానికి సగం లాక్టోజ్ ఉన్నవే. గదిని, యంత్రాలను కడిగి, పరీక్షకు ముందే గాలిని నమూనా తీసి, పాత లాక్టోజ్ మిగలలేదని రుజువు చేసుకోవలసి వచ్చింది. పాలలోనూ లాక్టోజ్ ఉంటుంది గనుక, పరీక్ష రోజుల్లో ఆ బృందానికి పాలు కలిపిన టీ కూడా మాన్పించాం. అన్ని ఆంక్షల్లోకీ అందరినీ ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఆపరేటర్ కాలరు దగ్గర, అంటే అతను ఊపిరి పీల్చే పరిధిలో, ఒక శాంప్లర్ తగిలించి, నడుముకు కట్టిన పంపుతో నిమిషానికి 2 లీటర్ల గాలిని ఫిల్టర్ గుండా లాగించాం. వాల్వ్ చుట్టూ, తలుపు దగ్గర, కారిడార్‌లో మరికొన్ని శాంప్లర్లు నిలబెట్టాం. డాకింగ్‌కు, పొడి దించడానికి, విడదీయడానికి వేర్వేరు ఫిల్టర్లు వాడాలని నేను పట్టుబట్టాను. ఖర్చు పెరుగుతుందని అభ్యంతరాలు వచ్చాయి. కానీ మొత్తానికి కలిపి ఒకే అంకె వస్తే లోపం ఉందని తెలుస్తుందే గాని, ఎక్కడుందో తెలియదు.

ఫలితాలు వచ్చాక ఆ ఖర్చుకు తగిన ప్రతిఫలం దక్కింది. డాకింగ్‌లోనూ, పొడి దిగేటప్పుడూ ఫిల్టర్ల మీద దాదాపు ఏమీ లేదు. లాక్టోజ్ అంతా విడదీసే ఆ కొద్ది నిమిషాల్లోనే బయటికి వచ్చింది. వాల్వ్ సీలు లోపమని సరఫరాదారు ప్రతినిధి కూడా ఒప్పుకోబోతుండగా, చాలా ఏళ్ల అనుభవమున్న మా ఆపరేటర్ ఒకాయన, "సార్, పొడి పడుతుంటే లోపలి గాలి ఎటు పోతోంది?" అని అడిగాడు. నాకు తెలిసి ఆ పనిలో అతి విలువైన ప్రశ్న అదే.

బ్లెండర్ మూసి ఉన్న పాత్ర. అందులోకి ఎంత పొడి దిగితే అంత ఘనపరిమాణం గల గాలి బయటికి రావాలి. దానికి వాల్వ్ తప్ప మరో దారి లేదు కాబట్టి పొడి కిందికి, గాలి పైకి ఒకే నోటిలో పోటీపడి, పొడి గుటకలు గుటకలుగా పడుతోంది. బిన్ ఖాళీ అయిందని సైట్‌గ్లాస్‌లో (లోపలికి చూసే గాజు కిటికీలో) కనబడగానే ఆపరేటర్లు వాల్వ్ మూసేస్తున్నారు. ఆ క్షణానికి బ్లెండర్‌లో గాలి ఇంకా ఒత్తిడి మీద ఉంది, సన్నని పొడి ఇంకా తేలుతూనే ఉంది, కొంత పొడి సీలు అంచున చిక్కుకుంది. విడదీయగానే ఆ అంచు గుండా గాలి పొడిని తోసుకొని వస్తోంది.

మార్పులు చాలా చిన్నవి. బ్లెండర్ మ్యాన్‌హోల్ మూతకు అతి సన్నని పొడిని కూడా ఆపే హెపా ఫిల్టర్ గల వెంట్ (గాలి పోయే దారి) పెట్టించాం. బిన్ ఖాళీ అయ్యాక పొడి అడుగుకు చేరి, పీడనం సమానమయ్యే దాకా వాల్వ్‌ను తెరిచే ఉంచి, తర్వాతే మూయాలని నియమం పెట్టాం. పొడి ఇంకా దిగుతుండగా ఏ కారణం చేతనైనా వాల్వ్ మూయరాదన్నాం. విడదీసేటప్పుడు వాల్వ్ చుట్టూ ఉన్న వలయం నుంచి గాలిని లాగే గొట్టాన్ని ముందుగానే ఆన్ చేయించాం. తిరిగి చేసిన పరీక్షలో విడదీసే దశ ఫిల్టర్లు కూడా లక్ష్యానికి బాగా దిగువన నిలిచాయి.

శుభ్రపరచడం మీద క్యూఏ (నాణ్యత హామీ) విభాగంతో మరో వాదన నడిచింది. తర్వాతి మందులోకి ఎంత అవశేషం పోవచ్చన్నదానికి పాత పది పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) లెక్క సరిపోదు. ఐరోపా మందుల సంస్థ 2014లో ఆమోదించిన మార్గదర్శిక నుంచి, ఆ మందు మనిషికి చేయగల హాని ఆధారంగానే పరిమితి లెక్కకడుతున్నారు. మన దేశంలోనూ 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్‌తో సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ ప్రమాణాల నిబంధనలు) ఈ విషయంలో పట్టు బిగించింది. ఆ లెక్క మేము సులువుగానే ఒప్పుకున్నాం. అభిప్రాయభేదం వచ్చింది వాల్వ్‌ను విప్పే చోటు గురించి. వాష్ ఏరియాలో పొడిగా విప్పితే, దించేటప్పుడు పడ్డ శ్రమంతా అక్కడ వృథా అవుతుంది. మూసి ఉండగానే లోపలికి నీరు చిమ్మి, పొడిని తడిపిన తర్వాతే విప్పాలన్న నా మాట చివరికి నెగ్గింది.

మిగిలింది బ్లెండు నమూనా తీయడం. అందుకోసం మ్యాన్‌హోల్ తెరిచి శాంప్లింగ్ రాడ్ దించితే మొత్తం గొలుసులో అదొక్కటే తెరిచిన నోరవుతుంది. ప్రస్తుతానికి మ్యాన్‌హోల్ చుట్టూ గ్లవ్ బ్యాగ్ (చేతి తొడుగులు అమర్చిన సంచి) బిగించి, రాడ్‌ను, సీసాలను ముందే అందులో పెట్టి నమూనా తీస్తున్నారు. పని నెమ్మదిగా సాగుతుంది, చేతులు చెమటలు పడతాయి, ఆపరేటర్లకు అది ఇష్టం లేదు. బ్లెండర్‌కే మూసి ఉండే శాంప్లింగ్ పోర్టు పెట్టించాలని చేంజ్ కంట్రోల్ (మార్పుకు అనుమతి కోరే ప్రతిపాదన) వేశాం. దాన్ని కూడా లాక్టోజ్‌తోనే, దశకొక ఫిల్టర్ చొప్పున పరీక్షించాలని అందులోనే రాశాం.