ఆ 0.2 ఎందుకిచ్చినట్టు?

పడుకున్నదాన్ని మళ్ళీ లేచి కూర్చున్నాను. చిన్నదాని ఫిజిక్స్ పేపర్ గోలే. సాయంత్రం అది పేపర్ తెచ్చి బల్ల మీద పడేసి మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయింది, దాని మౌనం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. తీసి చూస్తే ఒక లెక్క నిలువునా కొట్టేసుంది, పక్కన ఎర్ర ఇంకుతో "ఘర్షణ ఉంది కాబట్టి శక్తి నిత్యత్వం వాడకూడదు" అని. శక్తి నిత్యత్వమంటే, శక్తి రూపం మారుతుందే గానీ మొత్తం తగ్గదు, పెరగదు అన్న సూత్రం.

లెక్క ఇదీ. 0.7 మీటర్ల ఎత్తు, 45 డిగ్రీల వాలు తలం, ఘర్షణ గుణకం (తలానికి ఎంత పట్టుందో చెప్పే అంకె) 0.2, పైనుంచి ఘన గోళాన్ని వదిలితే కిందికొచ్చేసరికి వేగం ఎంత. చిన్నది శుభ్రంగా రాసింది, స్థితిజశక్తిలో, అంటే ఎత్తు వల్ల వచ్చిన శక్తిలో, ఏడింట ఐదొంతులు ముందుకు పోవడానికి, రెండొంతులు గిరగిరా తిరగడానికి, జీ (గురుత్వ త్వరణం) 10 అనుకుంటే వేగం సెకనుకు 3.16 మీటర్లు. నాకు ఎంత ముచ్చటేసిందో. ఆ వెంటనే ఎంత మండిందో.

ఎందుకంటే ఘర్షణ అనే మాట కనపడగానే శక్తి పోయింది అని రాసేసే అలవాటుంది చూడండి, అది నేను చదువుకున్నప్పట్నుంచీ ఉంది, గైడుల్లోనూ అదే, నోట్సుల్లోనూ అదే. ఘర్షణ అనగానే దొంగ. అరె, జారకుండా దొర్లే బంతికి నేలని తాకే బిందువు ఆ క్షణానికి కదలట్లేదు కదా, కదలని బిందువు మీద బలం ఎంతుంటే ఏం, అది చేసే పని సున్నా. ఇలా తాకే చోట జారుడు లేనప్పటి ఘర్షణ, అదే స్థైతిక ఘర్షణ (స్టాటిక్ ఫ్రిక్షన్), తనకంటూ ఏమీ ఉంచుకోదు, ముందుకెళ్ళే వాటాలోంచి కొంత తీసి తిరగడానికి ఇస్తుంది అంతే. అసలు అది లేకపోతే బంతి దొర్లదు, పెట్టెలాగా జారుకుంటూ వస్తుంది. మనం అడుగేసి ముందుకెళ్ళేది కూడా దాని పుణ్యమే, పాదం నేలని వెనక్కి తన్నేటప్పుడు అది మనల్ని ముందుకి నెడుతుంది, శక్తి మాత్రం మన కండరాలది. దాన్ని పట్టుకుని దొంగ అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇదంతా చిన్నదాన్ని కూర్చోబెట్టి చెప్పాను, ఆ ఊపులో "స్టాటిక్ ఫ్రిక్షన్ ఎప్పుడూ పని చెయ్యదమ్మా" అని కూడా అనేశాను. ఈయన పక్క గదిలోంచి "మరి లారీ బయల్దేరినప్పుడు దాని మీద పెట్టెని ముందుకి లాక్కెళ్ళేది ఏంటి" అన్నారు. నిజమే. పెట్టె జారట్లేదు కానీ లారీతో పాటు వేగం పుంజుకుంటోంది, ఆ పని చేసేది స్థైతిక ఘర్షణే. అది పెట్టెకి ఎంతిస్తే లారీ దగ్గర సరిగ్గా అంతే తీసుకుంటుంది, రెండూ కలిపితే సున్నా, వేడిగా పోయేది ఏమీ లేదు. అలా చెప్పాల్సింది నేను. "ఎప్పుడూ" అన్న మాట తప్పు.

నాన్న గుర్తొచ్చారు అప్పుడు. నేను తొమ్మిదో క్లాసు, ఇంట్లో ఇనప బీరువా ఇటు గోడ నుంచి అటు గోడకి జరపాలి, నాన్న ఒక్కరే భుజం ఆనించి తోస్తున్నారు, అది కదలదు. ఇంకాస్త గట్టిగా తోస్తే ఘర్షణ కూడా అంతే గట్టిగా ఎదురు నిలబడుతుంది, తన హద్దు దాకా. నేను కొత్తగా నేర్చుకున్న పాఠం గొంతులో ఆగక "నాన్నా, బీరువా మీద నువ్వు చేసిన పని సున్నా" అన్నాను. ఆయన తోయడం ఆపి చొక్కాతో మొహం తుడుచుకుని, కోప్పడకుండా, "మరి ఈ చెమటెక్కడిదే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ తోశారు, బీరువా ఒక్కసారిగా కదిలింది, కదిలాక ఘర్షణ తగ్గుతుంది కదా, ఆయన ముందుకి తూలి మోకాలు కొట్టుకున్నారు. చెమట సంగతి నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది. బీరువా కదలకపోయినా కండరాల్లో పోగులు ఊరుకోవు, పట్టుకుని వదులుతూ మళ్ళీ పట్టుకుంటూ తిన్నదాన్ని ఖర్చు చేస్తూనే ఉంటాయి, అదంతా ఒంట్లో వేడిగా తేలుతుంది. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆయనకి చెప్పే వీలు మాత్రం లేకపోయింది.

సరే, అసలు లేచింది దేనికంటే, ఆ 0.2. లెక్కలో ఊరికే ఎందుకిస్తారు? చిన్నది దాన్ని ముట్టుకోనేలేదు, నేనూ చూడలేదు. ఘన గోళం జారకుండా దొర్లాలంటే వాలు టాంజెంటు (ఎత్తుని అడ్డం దూరంతో భాగిస్తే వచ్చేది), ఘర్షణ గుణకానికి మూడున్నర రెట్లు మించకూడదు. మూడున్నర రెట్లంటే ఇక్కడ 0.7. 45 డిగ్రీలకి టాంజెంటు 1. అంటే స్థైతిక ఘర్షణ హద్దు దాటిపోయింది, బంతి జారుతోంది! చిన్నదాని జవాబు తప్పే. కొట్టేయడం కరెక్టే, పక్కన రాసిన కారణమే ఇంకా సరిగ్గా లేదు, నిత్యత్వం వాడొచ్చు, వేడిని కూడా లెక్కలో కలుపుకోవాలి అంతే. సాయంత్రమంతా నేను పడ్డ కోపంలో సగం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు.

కాగితం తీసి చేశాను. జారుతూ వస్తే వేగం 3.35 వచ్చింది. రెండుసార్లు చూసుకున్నాను. వేడిగా ఏడున్నర శాతం పోయాక కూడా బంతి ఇంకా వేగంగానే దిగుతోంది, ఎందుకంటే తిరగడానికి వెళ్ళింది పన్నెండున్నర శాతమే, మిగతా ఎనభై ముందుకే. మూడూ కలిపితే సరిగ్గా వంద.

చిన్నది గాఢ నిద్రలో ఉంది. లేపుదామని గుమ్మం దాకా వెళ్ళి, దాని పెన్సిల్ డబ్బా కింద ఆ కాగితం పెట్టి వచ్చాను.