వేవిళ్లు అనుకున్నం

ఐదో నెల వచ్చినా నాకు వాంతులు తగ్గలే. "కొందరికి తొమ్మిది నెలలూ గిట్లనే ఉంటది బిడ్డా" అన్నది మా అత్తమ్మ. చూపించుకునే డాక్టరమ్మ కూడా గోలీలు మార్చి పంపింది. తలనొప్పి అంటే నీళ్లు బాగా తాగమన్నది. పొద్దున లేవంగనే తల పగిలిపోయేది, దగ్గితే ఇంకా ఎక్కువ. పదింటికల్లా కొంచెం సర్దుకునేది. వేవిళ్లకు ఈ లెక్క ఉండదని నాకేం ఎరుక?

నల్లగొండల మా ముందటి గదిలోనే నా కుట్టుమిషన్. ఒకరోజు దారం ఎక్కిద్దామంటే రెండు సూదులు కనబడ్డయి. అద్దాలు రాయించుకుందామని కండ్ల డాక్టర్ దగ్గరికి పోయిన. చాలాసేపు చూసి, ఆయన అద్దాల మాటే ఎత్తలేదు. కంటి నరం ఉబ్బింది, తలలో ఒత్తిడి ఉంది, ఇయ్యాలనే ఎమ్మారై తీయించమన్నడు. కడుపుతో ఉన్నానని రంగు మందు ఎక్కియ్యకుండనే తీసిండ్రు. నుదురు వెనక, మెదడు పైపొరకు అంటుకొని నిమ్మకాయంత గడ్డ. మెనింజియోమా. కడుపుతో ఉన్నప్పుడు ఇవి ఒక్కోసారి తొందరగా పెరుగుతయట.

హైదరాబాద్ పోతుంటే నార్కట్‌పల్లి దాటేదాకా మా ఆయన నోరు విప్పలే.

అందరూ గడ్డ తీసిన డాక్టర్‌ గురించే అడుగుతరు. నాకు గుర్తున్నది మత్తు డాక్టరమ్మ. ముందురోజు మంచం పక్కన కూసొని అన్నీ చెప్పింది. 22 వారాల కడుపుతో వెల్లకిలా పండుకుంటే బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతదట, అందుకే కుడి నడుము కింద దిండు పెట్టి ఎడమకు ఒరిగిస్తరు. మెదడు వాపు దించే మానిటాల్ బిడ్డ ఒంట్లో నీళ్లు కూడా గుంజొచ్చు, కాబట్టి తక్కువ మోతాదే. ఊపిరి మిషన్ మరీ వేగంగ నడిపితే బిడ్డకు రక్తం తగ్గుతది. బీపీ జారితే ఇద్దరికీ ముప్పే.

"బిడ్డకు కూడా మత్తు ఎక్కుతదా అమ్మా?" అని అడిగిన.

"ఎక్కుతది. నీతోని నిద్రపోయి, నీతోనే లేస్తది."

మెలకువ వచ్చినంక చెయ్యి తలకు పోలే, కడుపు మీదికి పోయింది. నర్సు మిషన్ ఆనిచ్చి గుండె చప్పుడు వినిపించింది. అప్పుడు ఏడ్చిన.

38వ వారంల ఆపరేషన్ చేసి పాపను తీసిండ్రు. గడ్డ మొత్తం పోయింది కాబట్టి నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చిండ్రు. తలలో ఒత్తిడి ఉంటే అది ప్రమాదమట. ఇప్పుడు ఏడాదికోసారి ఎమ్మారై.

మా వాడకట్టుల ఎవరు నీళ్లోసుకున్నా అత్తమ్మ ముందు కండ్లు చూపించుకొమ్మంటది. అది జర ఎక్కువే, అయినా ఆపుత లేను.