ఐఈఎల్‌టీఎస్ రైటింగ్: ఒక్క కామా నన్ను ఎంత తిప్పలు పెట్టిందో!

విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రిజల్ట్ నిన్ననే వచ్చింది, రైటింగ్‌లో 9కి 7. మా కోచింగ్ సార్ కంట పడితే బాగుండని కూడా రాస్తున్నా.

రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్ వివరాలు, స్లాట్ బుకింగ్ పెద్ద పనేం కాదు. లిజనింగ్, రీడింగ్ ప్రాక్టీసు చేస్తే వచ్చేస్తాయి. ఏడిపించేది రైటింగ్ రెండో టాస్కే: 40 నిమిషాల్లో కనీసం 250 పదాల వ్యాసం, చెప్పిన మాటకి ఉదాహరణ కూడా చూపించాలి.

నెల్లూరులో కోచింగ్‌కి చేరా. ఎగుమతుల మీద వ్యాసం ఇస్తే, మాది చీమకుర్తి వైపు కాబట్టి ‘ఇండియా ఎక్స్‌పోర్ట్స్ మెనీ స్టోన్స్, వన్ ఆఫ్ దెమ్ ఈజ్ బ్లాక్ గెలాక్సీ గ్రానైట్’ అని రాశా. సార్ దాన్ని బోర్డు మీదకెక్కించి, ‘ఏందబ్బాయ్ ఇది, ప్రకాశం జిల్లా ఇంగ్లీషా?’ అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. సరే నవ్వుకోండి, తప్పెక్కడుందో చెప్పండి సార్ అంటే ‘దెమ్ కాదు, విచ్. బట్టీ పట్టు’ అన్నాడు. ఎందుకు అంటే మళ్లీ అదే నవ్వు. ఆయనకూ తెలియదని నా అనుమానం, ఎందుకంటే నా పక్కనోడు ‘ఫర్ ఎగ్జాంపుల్, గ్రానైట్’ అని క్రియ లేకుండానే ఫుల్‌స్టాప్ పెట్టేస్తే దానికి టిక్కు కొట్టాడు!

మా మేనత్త కూతురు ఒంగోలు దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. అక్క ఫోన్లోనే తేల్చేసింది. ‘ఒరేయ్, వన్ ఆఫ్ దెమ్ ఈజ్ అంటే అదొక పూర్తి వాక్యం. రెండు పూర్తి వాక్యాల్ని ఒట్టి కామాతో అతికిస్తే ఒప్పుకోరు. మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టు, లేదంటే అండ్ వెయ్యి. అదే విచ్ అయితే రెంటినీ కలిపే పని కూడా చేస్తుంది కాబట్టి కామా చాలు.’ ఇంత చిన్న ముక్క చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు చూడండి. ఇంకా చెప్పింది: ‘వన్ ఆఫ్ దట్’ అసలు రాయకూడదు, మనుషుల గురించైతే ‘వన్ ఆఫ్ హూమ్’, ‘ఈజ్’ తీసేసి ‘వన్ ఆఫ్ దెమ్ బీయింగ్’ అన్నా చెల్లుతుంది. అప్పటికప్పుడు నా చేత ‘బ్రెజిల్ హాజ్ మిలియన్స్ ఆఫ్ క్యాటిల్, మెనీ ఆఫ్ విచ్ ఆర్ నెలోర్’ అని రాయించింది. ఆ జాతి మన ఒంగోలు గిత్తల సంతతే, పేరు మాత్రం నెల్లూరుది!

అలాగని పేరా పేరాకీ ఈ ‘ఆఫ్ విచ్’ దించకండి, ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకటి రెండు పేర్లు చెప్పాలంటే ‘సచ్ యాజ్’ చాలు.

కోచింగ్ మధ్యలో మానేసి, మిగతా ఫీజు వాపసు ఇమ్మంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. రసీదు మీద ఆ ముక్క ఎక్కడా లేదు.