స.హ. చట్టం ఎలా చదివితే నాకు పట్టుబడింది

గ్రూప్-1 మెయిన్స్ మొదటిసారి రాసేటప్పుడు నన్ను బాగా టెన్షన్ పెట్టిన టాపిక్ సమాచార హక్కు. సెక్షన్ 4, 6, 8, 19, 20 అని చార్టు రాసి గోడకి అంటించి, రోజూ పొద్దున్నే అప్పజెప్పుకునేదాన్ని. అయినా ఓ మాక్ టెస్టులో "కేంద్ర చట్టానికి ముందు రాష్ట్రాలు చేసిన చట్టాలను చర్చించండి" అని అడిగితే, 'తమిళనాడు, 1997' అని రాసి ఆగిపోయాను. చేతికి ఇంకేమీ రాలేదు.

అందుకే చెబుతున్నాను, కేంద్ర చట్టం వచ్చిన 2005 నుంచి మొదలుపెట్టకండి. తమిళనాడు, గోవా 1997లో చట్టం చేశాయి. రాజస్థాన్, కర్ణాటక 2000లో, ఢిల్లీ 2001లో, మహారాష్ట్ర, అస్సాం 2002లో, మధ్యప్రదేశ్ 2003లో, జమ్మూకశ్మీర్ 2004లో. ఈ వరుసలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు, బిట్లలో చాలామంది పొరబడేది ఇక్కడే. మెయిన్స్‌లో మార్కులు పడేది మాత్రం వాటి మధ్య తేడాలు రాసినప్పుడే. తమిళనాడుది మొదటి చట్టమే అయినా మినహాయింపుల జాబితా చాంతాడంత ఉంటుంది. మహారాష్ట్ర చట్టం ఆలస్యమైన ప్రతి రోజుకీ 250 రూపాయల జరిమానా పెట్టింది. అదే అంకె తర్వాత కేంద్ర చట్టం సెక్షన్ 20లోకి వచ్చింది, గరిష్ఠం 25,000. జమ్మూకశ్మీర్ 2009లో చేసుకున్న కొత్త చట్టం రెండో అప్పీలు తేల్చడానికి కూడా గడువు పెట్టింది. కేంద్ర చట్టంలో ఆ గడువు ఇప్పటికీ లేదు.

రాజస్థాన్ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగండి. అరుణా రాయ్, నిఖిల్ డే వాళ్ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ, పెట్టింది. ఊరి జనం మధ్య పనుల రికార్డులు పైకి చదివి వినిపించారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా చేశారు. 'హమారా పైసా, హమారా హిసాబ్' (మా డబ్బు, మా లెక్క) అన్నది వాళ్ల నినాదం. 2006 నుంచి మన దగ్గర ఉపాధి హామీ పనులకి జరిగిన సామాజిక తనిఖీల మూలాలు కూడా ఈ బహిరంగ విచారణల్లోనే ఉన్నాయి. జవాబులో ఈ లింకు తప్పకుండా రాయండి.

ఇదంతా చదివాక నేనే ఒక దరఖాస్తు పెట్టాను. తెల్ల కాగితం మీద 'పౌర సమాచార అధికారి గారికి' అని మొదలుపెట్టి, మా ఊరి చెరువు పూడికతీత పనుల మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) నకళ్లు అడిగాను. మన రూల్స్ ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ఐదు రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి మండల కార్యాలయంలో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ముప్పై రోజులు దాటినా సమాధానం లేదు. మొదటి అప్పీలు వేశాకే పద్నాలుగు కాగితాలు చేతికొచ్చాయి. గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) కింద వాటికి డబ్బు కట్టక్కర్లేదు. చార్టులో ఎన్నిసార్లు చదివినా గుర్తుండని ఆ సెక్షన్ ఇక మర్చిపోలేదు.

ఆ సాయంత్రం మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుంటే మస్టర్ చదివి వినిపించాను. ఆమెకి చదువు రాదు. తన పేరు దగ్గర ఆపి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "పన్నెండు రోజులు చేశానే అమ్మాయ్, ఇందులో ఎనిమిదే ఉన్నాయి" అంది. నాలుగు రోజుల కూలి. కోట్ కిరానా నాకు నిజంగా అర్థమైంది అప్పుడే.

కరెంట్ అఫైర్స్‌లో రెండు విషయాలు వదలొద్దు. 2019 సవరణ సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాలు నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. రాష్ట్ర కమిషనర్లకి కూడా అంతే. ఇక 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 44(3), స.హ. చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె)ని మార్చింది. పాత పాఠం, కొత్త పాఠం పక్కపక్కన రాసుకుని చూడండి. వ్యక్తిగత సమాచారం ఇవ్వాల్సిన సందర్భాలను చెప్పే మాటలు కొత్త దాంట్లో లేవు. 8(2) కింద ప్రజాప్రయోజనం వాదన మాత్రం మిగిలే ఉంది. పెద్దమ్మ పేరున్న మస్టర్‌ని రేపు 'వ్యక్తిగత సమాచారం' అని ఆపితే 8(2) కింద ఏం వాదిస్తారో ఒక పేజీ రాసి చూసుకోండి. నేను మూడుసార్లు రాశాను, మూడోసారికి గానీ నాకే నచ్చలేదు.