సంతకం పెట్టకముందు

మెడలో గడ్డకు సూదిపరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టరుగారు నన్ను బయటే కూర్చోమని, మా అబ్బాయిని లోపలికి పిలిచారు. వాడు బయటికొచ్చి "ఏం లేదమ్మా, చిన్న ఆపరేషనట" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా. అది పాపిలరీ థైరాయిడ్ క్యాన్సరని నాకు తెలిసింది ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి, నర్సు తెచ్చిన కాగితాల్లో. "అందరూ పెట్టే సంతకమేనండీ" అందామె.

నేను పెట్టలేదు. 'స్వరంలో మార్పు రావచ్చు' అన్న మాట అందులో ఎక్కడో అడుగున ఉంది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెప్పిన గొంతు నాది.

ఇంకో సర్జన్ దగ్గరికి వెళితే ఆవిడ మొదట అడిగింది, "మీరేం చేస్తుంటారు?" అని. తర్వాత సీతాకోకచిలుకలాంటి గ్రంథి బొమ్మ గీసి, దాని వెనక స్వరతంత్రులను కదిలించే నరాలు ఎటు పోతాయో చూపించారు. గ్రంథి మొత్తం తీస్తే రెండు పక్కల నరాలకూ, కాల్షియాన్ని అదుపులో ఉంచే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులకూ దెబ్బ తగిలే అవకాశం ఉంటుంది. నా గడ్డ 2 సెంటీమీటర్లు, ఒక పక్కనే ఉంది, లింఫు గ్రంథుల్లోకి పాకిన జాడ లేదు. ఇలాంటప్పుడు సగం తీసినా సరిపోవచ్చన్నారు. తీసిన ముక్క పరీక్షలో తేడా కనిపిస్తే రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చని కూడా దాచకుండా చెప్పారు. సగమే తీయమన్నాను.

2015లో మాంట్‌గొమరీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇదే చెప్పిందని తర్వాత తెలిసింది: డాక్టరుకు ముఖ్యమనిపించినవే కాదు, ఆ రోగి స్థానంలో ఉన్న మనిషికి ముఖ్యమనిపించే ప్రమాదాలను, వేరే మార్గాలను కూడా చెప్పాలి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఎందుకో నాకప్పుడు బోధపడింది. నా పనేమిటో తెలియకుండా నాకేది ముఖ్యమో ఎలా తెలుస్తుంది?

ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోయింది. గొంతులోకి కెమెరా పెట్టి చూస్తే ఒక స్వరతంత్రి మందకొడిగా కదులుతోంది. ఏడ్చాను, కానీ మోసపోయానని అనిపించలేదు. ఇలా జరగవచ్చని తెలిసే ఒప్పుకున్నాను. స్పీచ్ థెరపీతో మూడు నెలలకు తరగతి చివరి బెంచీ దాకా మాట వినబడింది.

అబ్బాయిని ఒకసారి అడిగాను, ఎందుకు దాచావురా అని. "నువ్వు తట్టుకోలేవన్నారమ్మా" అన్నాడు. వాడొక్కడే అన్ని రాత్రులు ఆ మాట మోశాడు. వాడికీ అన్యాయమే జరిగింది.

మొన్న రక్తపరీక్ష కవరు వాడే తెచ్చాడు. విప్పకుండా నా చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నాడు.