బీకామ్ నుంచి బ్రాహ్మీ లిపి దాకా: నా నెట్ ప్రిపరేషన్

నేను చదివింది బీకామ్. ఎమ్మే చరిత్రలో సీటు దొరికింది, చేరిపోయాను, అంతే. నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) మొదటిసారి గైడులో బిట్లు బట్టీ పట్టి రాశాను. శాసనాన్నీ రాజునీ జతపరచమంటే హాథిగుంఫాకి రుద్రదాముణ్ణి, జునాగఢ్‌కి ఖారవేలుణ్ణి తారుమారుగా అంటగట్టి వచ్చాను. పోయింది.

రెండోసారి గైడు అటకెక్కించి, ఒక్కో శాసనం అనువాదం పూర్తిగా చదివాను. గుజరాత్‌లోని జునాగఢ్ దగ్గరే వారం పట్టింది. అక్కడ ఒకే బండ మీద అశోకుడు, రుద్రదాముడు, స్కందగుప్తుడు ముగ్గురి రాతలూ ఉన్నాయి. రుద్రదాముడి శాసనం నిండా ఒక చెరువు కథే. చంద్రగుప్త మౌర్యుడి కాలంలో పుష్యగుప్తుడు సుదర్శన తటాకం కట్టించాడు. అశోకుడి కాలంలో తుషాస్ఫుడు కాలువలు వేయించాడు. క్రీ.శ. 150 ప్రాంతంలో తుఫానుకి గండి పడితే, ఇది మనవల్ల కాదన్నారు మంత్రులు. రుద్రదాముడి అధికారి సువిశాఖుడు పూడ్పించాడు. జనం మీద పన్ను వేయకుండా ఖజానా సొమ్ముతో చేయించానని రాజు చెప్పుకున్నాడు. స్కందగుప్తుడి కాలంలో మళ్లీ గండి, ఈసారి చక్రపాలితుడు. మా ఊరి చెరువు కట్టదీ ఏటా ఇదే కథ కాబట్టి ఆ నాలుగు పేర్లూ మళ్లీ మర్చిపోలేదు. శాసనంలో ఉన్న శక సంవత్సరం 72కి 78 కలిపితే క్రీ.శ. 150. నా బీకామ్ అక్కరకొచ్చింది ఇక్కడొక్కచోటే!

రోజూ అరగంట పలక మీద పాత శాసనాల లిపి బ్రాహ్మి దిద్దాను. అశోకుడి బ్రాహ్మిలో 'క' అంటే కూడిక గుర్తే. పైన కుడివైపు చిన్న గీత పెడితే 'కా'. భట్టిప్రోలు ధాతుకరండాల (బౌద్ధ స్తూపంలో అస్థికలు దాచిన పెట్టెల) మీద మాత్రం ఆ గీత ఉంటేనే 'క'. గీత కిందికి వంగితే 'కా'. మొదట్లో అన్నీ తప్పే చదివాను. మన తలకట్టు గుర్తొచ్చాక తడబాటు పోయింది (రెండింటికీ సంబంధం ఉందని కాదు, గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చింది).

తెలుగు మీడియం వాళ్లకి అసలు టెన్షన్ భాషతోనే. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. దానశాసనం గురించి గంట మాట్లాడగలం, 'ల్యాండ్ గ్రాంట్' అని కనపడితే ఆగిపోతాం. తెలుగు పుస్తకమే చదవండి, పక్కన ఇంగ్లీషు మాట రాసుకోండి. పేపర్ వన్‌కి (అందరికీ ఉమ్మడిగా ఉండే జనరల్ పేపర్) పాత పేపర్లు చేస్తే చాలు. నెగెటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్నా వదలకండి.

జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) రాలేదు. నెట్ వచ్చింది, పీహెచ్‌డీలో చేరాను. మొన్న మొదటిసారి ఒక గుడి రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీశాను. సిరా ఎక్కువై రెండు పంక్తులు ముద్దయ్యాయి. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి.